రెండు రాయితీల కథ

మా ఆశ్రమ పాఠశాలలో రెండేళ్ల కిందట వ్యాసరచన పోటీ పెట్టాం. విషయం పైనుంచి వచ్చిందే: ‘ఐటీ రంగంలో మన దేశ ప్రగతి’. ముప్పై రెండు కాగితాలు దిద్దాను. ముప్పై ఒకటి అచ్చు గుద్దినట్టు ఒక్కలాగే ఉన్నాయి. పిల్లల తప్పు కాదు, గైడులో అట్లాగే ఉంది. పదివేల రూపాయలతో మొదలై ప్రపంచానికి ఎదిగిన ఒక కంపెనీ, బండరాళ్లు తప్ప ఏమీ లేని మాదాపూర్‌లో లేచిన అద్దాల మేడలు, తెలివి ఒక్కటే పెట్టుబడిగా అమెరికా చేరిన యువత, చివర లక్షల కోట్ల ఎగుమతులు. ముప్పై రెండో కాగితం ఎనిమిదో తరగతి పిల్లవాడిది. నాలుగే వాక్యాలు. వాళ్లన్న మాదాపూర్‌లో ఒక పెద్ద అద్దాల బిల్డింగు దగ్గర కాపలా ఉంటాడని, దానికి పద్దెనిమిది అంతస్తులని, కార్డు చూపిస్తేనే లోపలి తలుపు తెరుచుకుంటుందని, అన్న దగ్గర ఆ కార్డు లేదని రాశాడు. విషయం వదిలేసి పక్కకు పోయాడన్నారు తోటి టీచర్లు. నేనూ తలూపాను. బహుమతి ఆ ముప్పై ఒకరిలో ఒకరికి పోయింది.

ఆ కాగితం నా బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఎప్పుడైనా కంటబడితే నన్ను నేనే అడుగుతుంటాను: పక్కకు పోయింది వాడా, గైడా?

గైడులోని కథ గైడు రాసినవాడి సొంతం కాదు. పాతికేళ్లుగా పత్రికల్లో, సినిమాల్లో, కాలేజీ వార్షికోత్సవాల ఉపన్యాసాల్లో నలిగిన కథ అది. దానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన పుస్తకం ఒకటుంది. అమెరికా పత్రికా రచయిత థామస్ ఫ్రీడ్‌మన్ 2005లో రాసిన ‘ద వరల్డ్ ఈజ్ ఫ్లాట్’. పట్నంలో చదువుకునే మా మేనల్లుడు పాత పుస్తకాల బండి మీద కొని తెచ్చిస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక ఎండాకాలం సెలవులన్నీ దానికే ఇచ్చాను. బెంగళూరు వచ్చిన రచయితకు ఇన్ఫోసిస్ అధిపతుల్లో ఒకరైన నందన్ నిలేకని, ఆట మైదానం ఇప్పుడు అందరికీ సమానం అవుతోందన్న అర్థంలో ఒక మాట అంటాడు. ఆ మాట పట్టుకుని రచయిత భూమి బల్లపరుపుగా మారిందని పుస్తకమంతా అల్లాడు. ఇంటర్నెట్టు, సముద్రం అడుగున వేసిన కేబుళ్లు, ఒక దేశం పని ఇంకో దేశంలో చేయించుకునే అవుట్‌సోర్సింగ్ కలిసి ఎత్తుపల్లాలను చదును చేశాయట. ఎక్కడ పుట్టావన్నది లెక్కలోకి రాదు, ఏం చేయగలవన్నదే లెక్క.

కొండమీద పుట్టినవాడికి చదును అనే మాట వినగానే ఒక సందేహం వస్తుంది. నేల ఊరికే చదును కాదు. ఒకచోట తవ్వి ఇంకోచోట పోస్తేనే అవుతుంది. ఎక్కడ తవ్వారు?

ఫ్రీడ్‌మన్‌ను తక్కువ చేయను. చదును కాని ప్రపంచం కూడా ఉందని ఆయన ఒక అధ్యాయం రాశాడు. బెంగళూరు దగ్గర దళిత పిల్లల కోసం నడిచే ఒక బడికి వెళ్లి చూశాడు. గైడు రాసినవాడికన్నా నయమే. నా పేచీ ఆయన చూపుతో. ఆయన దృష్టిలో మనలాంటి వాళ్లం ‘ఇంకా చేరని’ వాళ్లం. రోడ్డు పడుతోంది, నేడో రేపో మన దాకా వస్తుంది, ఓపిక పట్టాలి. ఆ రోడ్డు మన గుండెల మీదుగానే పోయిందేమోనన్న ఆలోచన ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ముందు ఆ ‘ఏమీ లేని చోట మొదలు’ అన్న మాట చూద్దాం. 1981లో ఏడుగురు ఇంజనీర్లు పదివేల రూపాయలతో ఇన్ఫోసిస్ పెట్టారన్నది నిజమే. కానీ వాళ్లలో నారాయణమూర్తి చదివింది కాన్పూర్ ఐఐటీ, నిలేకని చదివింది బొంబాయి ఐఐటీ. రెండూ జనం డబ్బుతో కట్టినవే. కాన్పూర్ ఐఐటీకి 1963లోనే ఐబీఎం కంప్యూటరు వచ్చింది. మన హైదరాబాద్‌లో 1967లో ప్రభుత్వం ఈసీఐఎల్ పెట్టి కంప్యూటర్లు తయారు చేయించింది. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోతే, అది వదిలేసిన యంత్రాలను చూసుకున్నది ప్రభుత్వ రంగంలోని సీఎంసీ. ఆ యంత్రాల మీదే ఒక తరం ప్రోగ్రామర్లు చెయ్యి తిప్పుకున్నారు. పదివేలు ఆ ఏడుగురివి. ఆ పదివేలకు విలువ తెచ్చిన చదువు, యంత్రాలు దేశానివి.

1984లో కంప్యూటర్ల దిగుమతి సుంకాలు తగ్గించారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే అమెరికా కంపెనీ బెంగళూరులో దుకాణం తెరిచి, ఉపగ్రహం ద్వారా పనిని సముద్రం దాటించవచ్చని చూపించింది. ఇంట్లో ఫోను కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజులవి. ఉపగ్రహం లైను సొంతంగా వేసుకునే తాహతు చిన్న కంపెనీలకు ఎక్కడిది? 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను పెట్టి, తానే భూకేంద్రాలు కట్టి ఆ లైన్లు అద్దెకిచ్చింది. పార్కులో నమోదైన కంపెనీ యంత్రాలను సుంకం లేకుండా తెప్పించుకోవచ్చు. ఎగుమతుల లాభం మీద ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. ఆ పైన వచ్చింది మన రాష్ట్రం. మాదాపూర్‌లో ప్రభుత్వ సంస్థ, ఒక పెద్ద నిర్మాణ కంపెనీ కలిసి కట్టిన సైబర్ టవర్స్‌ను 1998లో ప్రధాని వాజ్‌పేయి వచ్చి ప్రారంభించారు. ఇచ్చే ఉద్యోగాల లెక్కన భూమి ధరలో రాయితీ ఇచ్చారు. పనిగంటలు, రాత్రి షిఫ్టులు వంటి వాటి మీద కార్మిక చట్టాల నిబంధనలను సడలిస్తూ జీవోలు ఇచ్చారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చి వెళ్లాడు. అప్పుడు నేను డైట్‌లో ఉన్నాను. హాస్టల్ టీవీలో చూశాం.

ఇదంతా తప్పని నేను అనడం లేదు. నడక రాని బిడ్డకు వేలు అందించడం ఎవరైనా చేసే పనే. కానీ నడక వచ్చాక ఆ బిడ్డ ‘నాకెవరూ వేలు ఇవ్వలేదు, వేలు పట్టుకుని నడిచేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది’ అంటే ఏమనాలి?

ఇక్కడ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవాలని నా కోరిక. రెండూ 1986 నాటివి. ఒకటి ఢిల్లీలో పుట్టిన సాఫ్ట్‌వేర్ విధానం. ఎగుమతి చేసే కంపెనీలకు దిగుమతులు, అప్పులు, శిక్షణల్లో వెసులుబాట్లు ఇచ్చింది. రెండోది హైదరాబాద్ సచివాలయంలో పుట్టిన జీవో 275. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద, ఏజెన్సీలో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. ఆ జీవో ఎందుకు పుట్టిందో మన పెద్దవాళ్లకు తెలుసు. నేను చదువుకున్న గూడెం బడికి మైదానం నుంచి వేసిన పంతులు సంత రోజు వచ్చేవాడు. రిజిస్టరులో వారానికి సరిపడా సంతకాలు పెట్టి, కోడిపుంజు బేరమాడి సాయంత్రం బస్సుకు పోయేవాడు. ఆయన పలికే తెలుగు మాకు రాదు, మా కోయ ఆయనకు అక్కర్లేదు. 1991 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల్లో అక్షరాస్యులు నూటికి పదిహేడు మంది. సాఫ్ట్‌వేర్ పార్కులు పెట్టిన సంవత్సరం, మనవాళ్లలో నూటికి ఎనభై మూడు మంది వేలిముద్ర వేసే సంవత్సరం ఒక్కటే.

జీవో 275 కోర్టుల్లో నిలబడలేదు. కారణాలు సవరించి, 2000 జనవరిలో జీవో నంబరు 3గా మళ్లీ తెచ్చారు. అదే సంవత్సరం కేంద్రం ఆదాయపు పన్ను చట్టంలో సాఫ్ట్‌వేర్ పార్కుల మినహాయింపును పదేళ్లకు తిరగరాసింది. మళ్లీ రెండు కాగితాలు, మళ్లీ ఒకే సంవత్సరం. ఆ జీవో మూడు కింద ఉద్యోగం వచ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఆ పన్ను మినహాయింపు కింద పెరిగిన కంపెనీల పేర్లు అందరికీ తెలుసు.

తర్వాత ఏమైంది? పన్ను మినహాయింపు గడువు దగ్గర పడగానే ఒక ఏడాది పొడిగించారు. ఇంకో ఏడాది పొడిగించారు. 2011 మార్చిలో అది ముగిసేసరికి 2005 సెజ్ చట్టం సిద్ధంగా ఉంది. కొత్త యూనిట్లకు అందులో ఇంకొన్నేళ్ల మినహాయింపు. నడుమ 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ అధిపతి, ఏడు వేల కోట్లకు పైగా లెక్కలు తప్పుడువని తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. అప్పుడు ప్రభుత్వమే రంగంలోకి దిగి పాత బోర్డును తీసేసి, కొత్తవాళ్లను వేసి, కంపెనీ కొనేవాళ్లను వెతికింది. వేలమంది ఉద్యోగులు రోడ్డున పడకుండా చూసింది. మంచి పనే. దాన్ని ఎవరూ రిజర్వేషన్ అనలేదు.

జీవో మూడుకు పొడిగింపులు లేవు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదని, ఇతరుల ప్రతిభకు అవకాశం మూసేయకూడదని, గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచనే సరికాదని తేల్చింది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఆ వార్త ఫోనులో చదివాను. మా నియామకాలను షరతు మీద కాపాడారు. మా తర్వాతి వాళ్లకు తలుపు మూసుకుంది. డీఎడ్ చేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్న మా ఊరి పిల్లలు నలుగురు ఆ సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని ‘సార్, ఇప్పుడేం చెయ్యాలి’ అన్నారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

న్యాయశాస్త్రం నాకు రాదు. రెండు రాయితీలు ఒకటేనని వాదిస్తే ప్లీడర్లు నవ్వుతారు. ఒకటి ఉద్యోగాల్లో సమాన అవకాశానికి సంబంధించింది, ఇంకోటి పన్నులకు సంబంధించింది, వేర్వేరు అధికరణాలు అంటారు. సరే. నేను మాట్లాడేది చట్టం గురించి కాదు, కథ గురించి. ఒక రాయితీ పొందినవాళ్లు కథలో స్వయంకృషి వీరులయ్యారు. ఇంకో రాయితీ పొందినవాళ్లం ‘కోటా టీచర్లం’ అయ్యాం. ఈ తేడా చట్టం రాసింది కాదు. పత్రికలు రాశాయి, సినిమాలు తీశాయి, గైడులు అచ్చేశాయి. మన నోటితో మనమే మన పిల్లలకు వల్లె వేయించాం.

ప్రతిభ అనే మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటిన రోజులవి. అమీర్‌పేటలో నాలుగు నెలల కోర్సు చేసి, రాతపరీక్షలు గట్టెక్కి, మూడు కంపెనీల్లో చివరి మాటామంతీ దగ్గర ఆగిపోయింది. ‘కమ్యూనికేషన్’ బాగాలేదట. నాలుగోచోట రాత్రి షిఫ్టు సపోర్టు ఉద్యోగం దొరికింది. పండక్కి వచ్చినప్పుడు చెప్పింది: “సార్, మా టీమ్ లీడరు మంచాయనే. కానీ భోజనాల దగ్గర, మేమెవరం కోటాలో రాలేదు, మా నాన్న పొలం అమ్మి చదివించాడు అంటుంటాడు. అప్పుడు నేను బాక్సులోకి చూస్తూ తింటాను.” నేను ఏదో ధైర్యం చెప్పబోతే, “అమ్మడానికి వాళ్లకు పొలం ఎట్లా వచ్చింది సార్?” అని అడిగింది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్న.

కేరల్ ఉపాధ్య అనే సామాజిక శాస్త్రవేత్త బెంగళూరు ఐటీ కంపెనీల మీద చాలాకాలం పరిశోధన చేశారు. ఉద్యోగుల్లో ఎక్కువమంది పట్నాల నుంచి, పై కులాల, మధ్యతరగతి కుటుంబాల నుంచి, అప్పటికే చదువుకున్న తల్లిదండ్రుల ఇళ్ల నుంచి వస్తున్నారని ఆమె రాశారు. కంపెనీలు కులం అడగవు. మాట తీరు, ఇంగ్లీషు యాస, నలుగురిలో మెలిగే పద్ధతి చూస్తాయి. ఇవన్నీ ఇంట్లో అబ్బేవి. వాటికి ‘సాఫ్ట్ స్కిల్స్’ అని పేరు పెట్టి కొలిస్తే కులాన్ని అడగక్కర్లేకుండానే వడపోత జరిగిపోతుంది. మా అమ్మాయి జావా తప్పు రాయలేదు. నాలుగు తరాలుగా ఇంగ్లీషు విన్న ఇంట్లో పుట్టలేదు, అంతే.

2004లో కేంద్రంలో కొత్త ప్రభుత్వం ప్రైవేటు రంగంలోనూ రిజర్వేషన్ల గురించి చర్చిస్తామంది. పరిశ్రమల సంఘాలు చట్టం వద్దన్నాయి. స్వచ్ఛందంగా చేస్తామని ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. దేశ ఐటీ రంగంలో 2023-24లో యాభై నాలుగు లక్షల మంది పని చేశారని నాస్కామ్ చెప్పింది. ఆ ఏడాది ఎగుమతులు 200 బిలియన్ డాలర్ల దరిదాపుల్లో ఉన్నాయి. ఒక్క తెలంగాణ నుంచే 2022-23లో రెండు లక్షల నలభై ఒక్క వేల కోట్ల ఎగుమతులు, తొమ్మిది లక్షలకు పైగా ఉద్యోగాలు. ఇంత నికరంగా లెక్కలు వేసే రంగం, ఆ తొమ్మిది లక్షల్లో గిరిజనులు ఎంతమందో చెప్పదు. ఆడవాళ్లు నూటికి ఎంతమందో గర్వంగా వేసుకుంటారు. మన అంకె మాత్రం నేను చూసిన ఏ నివేదికలోనూ లేదు. లెక్కపెట్టని చోట కొరత కూడా కనపడదు.

మళ్లీ ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికి. పొలం ఎట్లా వచ్చింది? దీనికి సగం జవాబు ఇంకో పుస్తకంలో దొరికింది. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త 2007లో అచ్చయిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ అనే పుస్తకంలో అచ్చంగా మన తెలుగువాళ్ల గురించి రాశాడు. సిడ్నీలో, హైదరాబాద్‌లో, ఆంధ్ర పల్లెల్లో తిరిగాడు. మన ఇంజనీర్లను కూలీల మేస్త్రీల్లాగా పోగుచేసి విదేశీ కంపెనీలకు అద్దెకిచ్చే చిన్న చిన్న ఏజెన్సీలు ఎట్లా పని చేస్తాయో, పని లేనప్పుడు ఆ కుర్రవాళ్లను జీతం లేకుండా ‘బెంచి’ మీద ఎట్లా కూర్చోబెడతారో వివరించాడు. వై2కే రోజుల్లో అంత గిరాకీ, ఆ వెంటనే పడిపోవడం అందులో ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆ చదువుకు డబ్బు ఎక్కడిదని అడగడం. పొలాల మిగులు, కట్నం, ఇంట్లో ఆడవాళ్ల జీతం లేని చాకిరీ అన్నీ కలిసి ఒక సాఫ్ట్‌వేర్ కుర్రవాణ్ణి తయారు చేస్తాయని చూపించాడు. ఫ్రీడ్‌మన్ గోల్ఫ్ మైదానంలో మొదలుపెడితే ఈయన పల్లె ఇంటి వంటగదిలో మొదలుపెట్టాడు. నన్నడిగితే రెండో పుస్తకమే తెలుగు పిల్లలందరూ చదవాల్సింది.

ఈ పుస్తకం మీద కూడా నాకొక పేచీ ఉంది. ఇది ఆనకట్ట దగ్గర ఆగిపోయింది.

పొలాల మిగులు అన్నాడు. ఏ పొలాలు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో నిలకడగా పండిన పొలాలు. కోస్తాలో భూములున్న కులాలు వ్యవసాయం మిగులును వ్యాపారాల్లోకి, చదువుల్లోకి ఎట్లా మళ్లించాయో ఉపాధ్య 1988లోనే రాశారు. వరి నుంచి మిల్లు, మిల్లు నుంచి సినిమా హాలు, అక్కడి నుంచి ఇంజనీరింగ్ సీటు, ఆ తర్వాత అమెరికా. ఈ గొలుసు అందరూ చూశారు. గొలుసు మొదటి కొక్కెం ఎవరూ చూడలేదు. ఆ వరి తాగిన నీళ్లు ఎక్కడివి? ఇంద్రావతి, శబరి, సీలేరు ఏ అడవుల్లో పారి వస్తాయి? రబీలో గోదావరి సన్నబడితే డెల్టా రైతులు ఎదురుచూసేది సీలేరు నీళ్ల కోసం. ప్రతి ఏడాదీ పత్రికల్లో ‘సీలేరు నుంచి ఇన్ని క్యూసెక్కులు’ అని వస్తుంది. ఆ జలాశయాల కింద మునిగిన ఊళ్ల పేర్లు ఆ వార్తలో రావు. మాచ్‌ఖండ్ దగ్గర మొదలైన ముంపు ఇప్పుడు పోలవరం దాకా వచ్చింది. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాళ్లలో పెద్ద సంఖ్యలో కోయలు, కొండరెడ్లు ఉన్నారు. ఆ ప్రాజెక్టు కోసమే 2014లో మా పక్క మండలాలు ఏడింటిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చారు. మా చుట్టాలు సగంమంది ఒక్క రాత్రిలో వేరే రాష్ట్రం వాళ్లయ్యారు.

నీళ్లు ఇచ్చాం కాబట్టి సాఫ్ట్‌వేర్ మాది అనడం లేదు. ఆ అమ్మాయి టీమ్ లీడరు తండ్రి పొలం అమ్మాడన్నది నిజం, ఆయన కష్టపడ్డాడన్నదీ నిజం. కానీ ఆ పొలం ఎకరం లక్షలు పలకడానికి కారణమైన నీళ్లకు ఒక వెల ఉంది. ఆ వెల కట్టినవాళ్లు భోజనాల బల్ల దగ్గర తల వంచుకుని తింటున్నారు. ఫ్రీడ్‌మన్‌ను నేను అడిగిన ‘ఎక్కడ తవ్వారు’ అన్నదానికి నాకు తెలిసిన జవాబు ఇదే.

ఎగుమతి అనే మాట గురించి కూడా రెండు ముక్కలు. ఎగుమతి అంటే ఇంకొకరి అవసరానికి పని చేయడం. హైదరాబాద్‌లో కూర్చుని న్యూయార్కు బ్యాంకుకు, లండను బీమా కంపెనీకి ఏం కావాలో అది చేసిపెట్టారు. మనకేం కావాలో అడిగినవాడు లేడు. నేను కోయ పాట ఒకటి టైపు చేయాలంటే తెలుగు లిపిలోనే కొట్టాలి. గోండి భాషకు గుంజాల లిపి ఆదిలాబాద్‌లో తాతల నాటి రాతప్రతుల్లో బతికింది. దానికి యూనికోడ్‌లో చోటు 2018లో దొరికింది. అప్పటికి సైబర్ టవర్స్‌కు ఇరవై ఏళ్లు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాలు చెప్పమన్నప్పుడు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి, మాట వినపడే బండ మీద కూర్చున్నాను. పిల్లల్లో ఫోనున్నవాళ్లు ఏడుగురు.

మన దగ్గరికి ఐటీ నిజంగా వచ్చింది ఒక్కసారే, వేలిముద్రల యంత్రంగా. ఆ నిలేకనే 2009 నుంచి ఆధార్ సంస్థను నడిపాడు. మొట్టమొదటి ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరులో ప్రధాని చేతుల మీదుగా ఇచ్చింది మహారాష్ట్ర నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఊళ్లో, ఒక ఆదివాసీ మహిళకు. కంపెనీల తలుపు దగ్గర చివర నిలబడ్డవాళ్లం వేలిముద్రల వరసలో మొదట నిలబడ్డాం. తునికాకు కట్టలు కట్టీ కట్టీ వేళ్ల గీతలు అరిగిన మా పెద్దమ్మకు రేషను దుకాణంలో మూడుసార్లు వేలు పెట్టినా యంత్రం ఒప్పుకోదు. నాలుగోసారికి డీలరు కసురుకుంటాడు.

2025 అక్టోబరులో విశాఖపట్నంలో గూగుల్ పెద్ద డేటా సెంటర్ పెడుతున్నట్టు ప్రకటించారు. అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్ సామర్థ్యం. ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు, ఈ నాలుగింటి సామర్థ్యం, ఇప్పుడు దిగువ సీలేరులో కలుపుతున్న కొత్త యూనిట్లు వదిలేస్తే, కలిపి ఎనిమిది వందల యాభై మెగావాట్ల లోపు. డెబ్బై ఏళ్లలో మన నదుల మీద, మన ఊళ్లు ముంచి కట్టినవన్నీ కలిపినా ఆ ఒక్క కేంద్రం ఆకలికి చాలవు. దానికీ రాయితీలున్నాయి. ఈసారి వాటిని పెట్టుబడి ప్రోత్సాహకాలు అంటున్నారు.

ఈ ఏడు వ్యాసరచన పోటీ విషయం కూడా వచ్చింది: ‘కృత్రిమ మేధ, మన భవిష్యత్తు’. ఆ పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. వాళ్లన్న గేటు ఉద్యోగం పోయిందట, ఏజెన్సీ మారిందని చెప్పారట. ‘రాస్తావా’ అని అడిగాను. “పోయినసారి పక్కకు పోయానన్నారు కదా సార్” అన్నాడు. సొరుగులోంచి ఆ పాత కాగితం తీసి ఇచ్చాను. ఇక్కణ్ణించే మొదలుపెట్టు, అన్న నోటితో అడిగి ఇంకో నాలుగు పేజీలు రాయి అన్నాను. ఆదివారం అన్నకు ఫోను చేస్తానన్నాడు, సిగ్నల్ దొరికితే.